మాట అందరిదీ, గీత ఒక్కరిదీ

పోయిన వారం వదినను మాస్టారి గుమ్మం ముందు, బెల్లు మీద వేలు పెట్టించి వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా ఆ వేలు అక్కడే ఉంది. పక్కన మరిది, అతని చంకలో పిల్లల అట్లాసు. నొక్కమని అతను, కొంచెం ఆగమని ఆవిడ. కొత్తగా వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆ బెల్లేదో నొక్కించేస్తాను.

వదినది బోర్డులు తయారుచేసే షాపులో కంప్యూటర్ మీద బొమ్మలు గీసే ఉద్యోగం. పొద్దున్నించి సాయంత్రం దాకా గీసింది చాలనట్టు, ఇంటికొచ్చాక కూడా అదే పని. దేశదేశాల జాతీయ చిహ్నాలు గీసి ఇంటర్నెట్‌లోని ఒక ఉచిత బొమ్మల భండారంలో పెడుతుంది. అక్కడ పెట్టిన బొమ్మను ఎవరైనా తీసుకోవచ్చు, పుస్తకంలో వేసుకోవచ్చు, చొక్కా మీద అచ్చు కొట్టుకోవచ్చు. ఆ భండారానికి ఒక కట్టుబాటు ఉంది. దేశం తన చిహ్నం ఎలా ఉండాలో చట్టంలో మాటలతో రాసుకుంటుంది. ఆ మాటలు చదివి ఎవరి బొమ్మ వాళ్లు గీసుకోవచ్చు. ఇంకొకరు గీసినదాన్ని మాత్రం దించుకోకూడదు. నాలుగు గదులూ ఒక వరండా అని చెప్పి పదిమంది మేస్త్రీలకు అప్పగిస్తే పది రకాల ఇళ్లు లేస్తాయి కదా, ఇదీ అంతే. చెప్పిన మాట అందరిదీ, కట్టిన ఇల్లు కట్టినవాడిది.

ఈ సంగతి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ ఓపిగ్గా బోధించేది వదినే. మాట అందరిదీ, గీత ఒక్కరిదీ అని ఆవిడ అన్న ముక్క ఆ భండారంలో సామెతయి కూర్చుంది. అలాంటి మనిషి ఒక్కసారి, ఒకే ఒక్క బొమ్మ దగ్గర, తనకు బొమ్మలు నేర్పిన మాస్టారి గీతను ఉన్నదున్నట్టు దించేసి, ‘సొంతంగా గీసినది’ అన్నచోట టిక్కు పెట్టేసింది. కంచే చేను మేసింది.

మరిది ఒక పుస్తకాల కంపెనీలో పేజీలు అమర్చే పనిలో ఉన్నాడు. ఆ బొమ్మను భండారంలోంచి ఏరి అట్లాసులో వేసింది అతనే. మా వదిన గీసిందండీ అని ఆఫీసులో బల్ల బల్ల దగ్గరికీ వెళ్లి చెప్పుకున్నాడు. అట్లాసు అచ్చయింది. మాస్టారు షాపులో తిరగేశారు. ఇది నా బొమ్మ అని కంపెనీకి ఫోను చేశారు. గీసింది తన శిష్యురాలని ఆయనకు తెలీదు. దించిందని మరిదికి తెలీదు. రెండూ తెలిసిన మనిషి ఒక్కతే, ఆవిడే గుమ్మంలో నిలబడి ఉంది.

మరిది ఇక ఆగలేక తనే బెల్లు నొక్కాడు.

మాస్టారు తలుపు తీసి, వదినను చూసి మొహమంతా నవ్వయ్యారు.

“నువ్వా అమ్మాయీ. మంచి సమయానికొచ్చావు. నీతోనే పనుంది. ఈ అబ్బాయెవరు?”

“మా మరిది, మాస్టారూ.”

“రా బాబూ, రా. కుర్చీ మీద కాగితాలు కింద పెట్టేసి కూర్చో. మా ఇంట్లో కాగితాలకే మర్యాద ఎక్కువ.”

ఆ గదిలో కాగితాలు లేని చోటంటూ లేదు. గోడ పొడవునా వాలు బల్ల, దాని మీద మెడ వంచే దీపం, పక్కన గాజు సీసాలో ముక్కులు అరిగిన కలాలు. కిటికీ అద్దానికి పలుచటి తెల్ల కాగితం అంటించి ఉంది, వెలుగు కళ్లకు గుచ్చుకోకుండా. వదిన ఈ గదిలోనే పెన్సిల్ పట్టడం నేర్చుకుంది. ఆ మూల స్టూలు మీద కూర్చుని గుండ్రాలు గీస్తుంటే మాస్టారి భార్య వచ్చి, ఆ పిల్లనేం రాచిరంపాన పెడతారండీ అని మొగుణ్ని కసిరి, చేతికి కాఫీ కప్పు ఇచ్చి వెళ్లేది. ఆవిడ పోయి రెండేళ్లయింది. స్టూలు ఇప్పుడు కూడా అక్కడే ఉంది. వదిన దాని మీద కూర్చోలేదు. నిలబడే ఉంది.

“నాకు కళ్లు సరిగా ఆనడం లేదమ్మా,” అన్నారు మాస్టారు, బల్ల మీద భూతద్దం కోసం తడుముకుంటూ. “ఒక కంపెనీవాళ్లు నా బొమ్మ ఎత్తుకుపోయారు. వాళ్లకి గట్టిగా ఒకటి రాయాలి. నేను చెబుతాను, నువ్వు రాసిపెట్టు. నువ్వయితే ఈ పనిలో ఏది ఎవరిదో బాగా తెలిసినదానివి. అవతలివాడు ఎలాంటి దొంగో నీకు ఇట్టే తెలిసిపోతుంది.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. వదినకు తడుముకోవడానికి చేతులు కూడా లేవలేదు.

మరిది గొంతు సవరించుకున్నాడు. మంచివాడు, పొట్టలో ఏదీ దాచుకోలేడు. “మాస్టారూ, ఆ కంపెనీ నుంచే వచ్చానండీ నేను. మీకు కోపం రాకపోతే ఒక్క మాట చెబుతాను.”

“కోపం వస్తే వస్తుంది. చెప్పు.”

“ఈ చిహ్నం ఎలా ఉండాలో ఆ దేశం చట్టంలోనే ఉంది.” ఫోను తీసి చదివాడు. “నీలిరంగు డాలు. దాని మీద పైకెత్తిన కుడిచెయ్యి. ఆ చేతిలో మూడు ధాన్యపు కంకులు. అంతే. ఈ మాటలు చదివి మీరు గీస్తే చెయ్యీ కంకులే వస్తాయి, నేను గీసినా చెయ్యీ కంకులే వస్తాయి. పోలికలు కలుస్తాయి కదండీ. కలిసినంతమాత్రాన దొంగతనం అంటే ఎలాగ?”

“బాగా చెప్పావు. ఈ ముక్కలు ఎవరు నేర్పారు నీకు?”

“మా వదినే,” అన్నాడు మరిది గర్వంగా.

మాస్టారు సంతోషంగా తలూపారు. తన పాఠమే తన ఇంటికి తిరిగొచ్చిందని ఆయన ముచ్చట. వదినకు మాత్రం చెవులు వేడెక్కిపోయాయి. ఈ నేల ఇప్పుడు నోరు తెరిస్తే బాగుండుననిపించింది. అద్దె ఇంటి నేలలకు అంత దయ ఉండదు.

“సరే బాబూ. పోలికలు కలుస్తాయి. కాదనను. ఇప్పుడు ఇది చూడు.”

మరిది దగ్గర్నుంచి అట్లాసు అందుకుని తెరిచి, ఆ పేజీ మీద భూతద్దం పెట్టారు. మరిది వంగాడు. వదిన కూడా వంగక తప్పలేదు.

“చిటికెనవేలు చూడు. రెండో కణుపు దగ్గర బయటికి తిరిగిందా?”

తిరిగింది. మిగతా నాలుగు వేళ్లూ కంకుల కాడలను చుట్టుకుని బుద్ధిగా ఉన్నాయి. చిటికెనవేలు ఒక్కటీ ఆ జట్టులో చేరకుండా, కొంచెం పక్కకు విరిగినట్టు నిలబడి ఉంది.

“వంకర చిటికెనవేలు అని మీ చట్టంలో ఉందేమో ఇంకోసారి చదువు,” అన్నారు మాస్టారు.

మరిది నిజంగానే ఇంకోసారి చదివాడు. లేదు.

“ఉండదు. ఎందుకంటే ఆ వేలు ఆ దేశానిది కాదు. మా ఆవిడది. చిన్నప్పుడు తలుపు సందులో పడి విరిగిందట, కట్టు సరిగా కట్టలేదు, అలాగే అతుక్కుంది. నేను ఈ బొమ్మ గీసేటప్పుడు చూసి గీయడానికి చెయ్యి కావాల్సొచ్చింది. ఇంట్లో ఉన్నది ఆవిడ చెయ్యే. ధాన్యం కంకులెక్కడ దొరుకుతాయి, చీపురు పుల్లలు ఇచ్చి పట్టుకోమన్నాను. మధ్యాహ్నమంతా పట్టుకుని నిలబడింది. చెయ్యి లాగేస్తోందండీ, మీ దేశమేదో త్వరగా కానివ్వండి అని ఒకటే గొణుగుడు.” నవ్వారు. నవ్వు మధ్యలో ఆగింది. “వేలు తిన్నగా గీయండి, నలుగురూ చూస్తారు అంది. గీయలేదు. నీ చెయ్యి నీ చెయ్యిలాగే ఉండాలన్నాను. ఈ బొమ్మ మొదట అచ్చయిన పుస్తకం వేసినవాళ్లు ఎప్పుడో మూసేసుకున్నారు, బొమ్మ హక్కు నాకే తిరిగిచ్చేశారు. డబ్బేం వద్దు నాకు. ఆవిడ చేతిని అడక్కుండా ఎత్తుకుపోయిందెవరో తెలియాలి. అంతే.”

వదిన ఇంకా ఆ భూతద్దంలోకే చూస్తోంది. ఆ వేలును ఆవిడ ఇప్పుడే చూస్తోంది. నమ్మండి, నమ్మకపొండి, ఇప్పుడే.

దించి గీసేవాళ్లకే వచ్చే తెగులు ఇది. చూసి గీసేవాళ్లకు ముందు చెయ్యి కనబడుతుంది, తర్వాత గీత వస్తుంది. పైన పెట్టి దించేవాళ్లకు గీత తప్ప ఏమీ కనబడదు. ఎక్కడ మొదలైంది, ఎక్కడ తిరిగింది, ఎక్కడ కలిసింది, అంతే చూసుకుంటూ పోతారు. వదిన కూడా అలాగే పోయింది. అప్పటికి ఆవిడ గీయని చిహ్నం అదొక్కటే మిగిలింది. డాలు వచ్చింది, కంకులు వచ్చాయి, చెయ్యి మాత్రం ఎన్నిసార్లు గీసినా అరటిపళ్ల అత్తంలా తయారైంది. భండారంలో వాళ్లు, అక్కా ఇదొక్కటీ పెట్టేస్తే అన్నీ అయిపోతాయి అని రోజూ గుర్తుచేస్తున్నారు. పుట్టినరోజుకు మాస్టారు ఇచ్చిన పాత బొమ్మల పుస్తకంలో ఆ చెయ్యి ఉందని తెలుసు. ప్రస్తుతానికి దీన్ని దించి పెడదాం, తర్వాత తీరిగ్గా సొంతంగా గీసి మార్చేద్దాం అనుకుంది. ఆ తీరిక రాలేదు. తప్పు చేసినవాళ్లకు ఎప్పుడూ తీరికే ఉండదు.

వేలును తిన్నగా సరిచేసి గీసి ఉంటే కనీసం దాని గురించి ఆలోచించినట్టయ్యేది. వంకరను వంకరగానే, కణుపు కణుపూ దించేసింది. ఆ చేతిలోంచి తను ఎన్నిసార్లు కాఫీ కప్పు అందుకుందో లెక్కలేదు. అయినా గుర్తుపట్టలేదు. ఇది తలుచుకునేసరికి, బొమ్మ ఎత్తుకొచ్చినదానికంటే ఎక్కువ సిగ్గేసింది.

మరిదికి ఈ గొడవేమీ తెలీదు. అతని గొడవ అతనిది. “మాస్టారూ, మీ బాధ నాకర్థమైంది. కానీ ఇది గీసిందెవరో తెలిస్తే మీరే నవ్వుతారు. వేరే ఎవరో కాదండీ. మా వదినే గీసింది. సొంతంగా. నేను మా మేనేజరుకి మాటిచ్చాను కూడా, పూచీ నాదని. ఆయనేమో మీరు కాదంటే సరే, అవునంటే నన్ను ఇంటికి పొమ్మంటున్నాడు. మిగతా పుస్తకాలన్నీ కట్టలు కట్టి పంపడానికి సిద్ధంగా ఉన్నాయి. ఇంకాసేపట్లో ఫోను చేస్తాడు.”

మాస్టారు భూతద్దం కింద పెట్టారు. వదినకేసి తిరిగారు. ఆయన కళ్లకు ఆవిడ మొహం ఎంతవరకు కనబడిందో తెలీదు.

“నువ్వా గీసింది?”

వదిన నోరు తెరిచింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

ఆ మౌనాన్ని మాస్టారు తనకు తోచినట్టు అర్థం చేసుకున్నారు. మంచివాళ్లతో వచ్చే చిక్కే అది, మన మౌనానికి కూడా వాళ్లే మంచి అర్థం వెతికి పెడతారు. ఆయన మొహం మెల్లగా విప్పారింది.

“అలాగా. అయితే ఇది నా బొమ్మ కాదు. నా శిష్యురాలు దించదు. చూసి గీయి, మీద పెట్టి గీయకు అని నీకు చెప్పినన్నిసార్లు ఇంకెవరికీ చెప్పలేదు.” కుర్చీలో వెనక్కి వాలారు. “నువ్వు చెయ్యి గీయాల్సొచ్చి కూర్చుంటే మా ఆవిడ చెయ్యి గుర్తొచ్చిందన్నమాట. రావాలి కూడా. ఎన్నేళ్లు చూశావు ఆ చేతిని. నేనొక్కణ్నే మోస్తున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. నీ దగ్గర కూడా ఉందా అమ్మా ఆవిడ.”

ఆయన కళ్లు తడిశాయి. అవి తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

“నిన్ను అనుమానించాను కదా, ఏమనుకోకు. ముసలితనం. అన్నీ నావే అనిపిస్తాయి,” అన్నారు.

మరిది హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. అట్లాసు మూసి చంకలో పెట్టుకున్నాడు. అంతా సర్దుకుంది. మాస్టారికి సంతోషం, మరిదికి ఉద్యోగం, కంపెనీకి పుస్తకాలు. ఎవరికీ నష్టం లేదు. వదిన చెయ్యాల్సిందల్లా తలూపడం. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఇంకో రెండు నిమిషాలు కళ్లు మూసుకుంటే గిన్నె ఖాళీ అయిపోతుంది.

ఆ మాత్రం ఆవిడ చెయ్యగలిగేదే. మాస్టారు తిట్టి ఉంటే, దొంగా అని ఉంటే, తప్పకుండా చేసేదే. క్షమించమని ఆయనే అడిగేసరికి ఇక వల్ల కాలేదు.

“నాకు గుర్తురాలేదు మాస్టారూ.”

“ఏంటమ్మా?”

“అమ్మగారి చెయ్యి నాకు గుర్తురాలేదు. మీరిచ్చిన పుస్తకంలో ఆ పేజీ స్కాన్ చేసి, కింద పెట్టుకుని, పైన గీశాను. మీ బొమ్మే అది. మొత్తం మీదే. వేలు వంకరగా ఉందని నేను ఇప్పుడు మీరు చూపిస్తే చూశాను.”

మరిది చంకలోంచి అట్లాసు జారి కింద పడింది. తీయడానికి ఎవరూ వంగలేదు.

“నేనిచ్చిన పుస్తకమేనా?” అన్నారు మాస్టారు.

“అవును.”

“దాని మొదటి పేజీలో ఏదో రాసిచ్చినట్టున్నాను.”

“ఆశీస్సులని రాశారు.”

ఆయన తలూపారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆవిడకు కాస్త తేలికయ్యేది, కానీ ఆయనకు ఆ సాయం చెయ్యాలని తోచలేదు. భూతద్దం చేతిలోకి తీసుకుని, దాని అంచును చొక్కా కొసతో తుడుస్తూ కూర్చున్నారు.

“దించావు, సరే. నా కుర్రతనంలో నేను కూడా ఒకటో రెండో దించి ఉంటాను,” అన్నారు. “నువ్వు చూళ్లేదు చూడు, అదే మింగుడుపడటం లేదు. నీకు జ్వరమొస్తే ఆ చెయ్యే కదమ్మా నుదుటి మీద పెట్టింది.”

వదిన ఏడ్చింది. ఏడిస్తే పోయే పాపం కాదని తెలిసి కూడా ఏడ్చింది.

“వదినా,” అన్నాడు మరిది. అతని గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది. “నేను పూచీ పడ్డాను వదినా. మా వదిన అలాంటిది కాదని చెప్పాను. ముందే ఒక్క మాట చెప్పుంటే ఆ బొమ్మ తీసేసి ఇంకోటి పెట్టేవాణ్ని కదా. పేజీలు అమర్చేటప్పుడు నీ దగ్గరికొచ్చి చూపించాను కూడా. బాగుంది అన్నావు.”

అన్నది. నిజమే. బాగుంది, ఇంకొంచెం పెద్దగా వెయ్యి అని కూడా అన్నది. ఆ రోజు ఏం మాయ కమ్మిందో ఆవిడకే తెలీదు. భయమో, మెప్పు తీపో, రెండూనో.

“తప్పంతా నాదే. మీ మేనేజరుతో నేనే చెబుతాను,” అంది.

“నువ్వు చెబితే నా మాట అబద్ధమైపోదా? తెలిసే పెట్టాననుకుంటారు. వదినా మరిదీ కలిసి ఆడిన నాటకం అంటారు. అడుసు తొక్కాక ఇప్పుడు కాలు కడుక్కుంటానంటే ఆ నీళ్లు పడేది నా నెత్తినే.” అతను మాస్టారి వైపు తిరిగాడు. ఏదో అడగబోయి, అడగలేక ఆగిపోయాడు. అతను ఏం అడగబోయాడో ఆ గదిలో ముగ్గురికీ అర్థమైంది.

సరిగ్గా అప్పుడే అతని జేబులో ఫోను మోగింది.

మరిది తీసి చూశాడు. మోగుతున్న ఫోనును అలాగే అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“మీ మేనేజరా?” అన్నారు మాస్టారు.

“అవునండీ.”

“ఇలా తే.”

“మాస్టారూ, మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పండి,” అంది వదిన. “నా కోసం ఏమీ...”

“నీ కోసమని ఎవరన్నారు? నువ్వు కాసేపు మాట్లాడకు,” అన్నారాయన. ఈ గదిలో ఇన్నేళ్లలో ఆయన ఆవిడతో అలా మాట్లాడింది అదే మొదలు. మరిది ఫోను నొక్కి ఆయన చేతికిచ్చాడు. తొందరలో పొరపాటున స్పీకరు కూడా నొక్కాడు.

“నమస్కారమండీ. మీకు ఫోను చేసి గొడవ చేసిన ముసలివాణ్ని నేనే,” అన్నారు మాస్టారు.

“చెప్పండి సార్. మావాడు వచ్చాడా? మరి ఆ బొమ్మ సంగతి ఏమంటారు?” మేనేజరు గొంతు తొందరలో ఉంది. వెనక కట్టలు లారీకి ఎక్కిస్తున్న చప్పుడు వినబడుతోంది. “మీరు అవునంటే ఆపేస్తాను. కాదంటే పంపించేస్తాను. ఏదో ఒకటి చెప్పండి.”

మాస్టారు మరిదికేసి చూశారు. తర్వాత వాలు బల్లకేసి చూశారు. వదినకేసి చూడలేదు.

“నాది కాదండీ,” అన్నారు.

మరిది కళ్లు మూసుకున్నాడు.

“కళ్లు సరిగా ఆనక పొరపడ్డాను. ఆ అమ్మాయి సొంతంగా గీసింది. నా ఎదురుగా కూర్చుని గీసింది, కావాలంటే నేను సాక్ష్యం. మీ అబ్బాయి చెప్పిందే నిజం. అతన్ని ఏమీ అనకండి.” గొంతులో ఎక్కడా తొణుకు లేదు. “ఇకమీదట నేనేకాదు, మా ఇంటివాళ్లెవరూ కూడా ఆ చెయ్యి మాదని రారు.”

ఇంటివాళ్లంటే ఇంకెవరున్నారు. గోడ మీద ఫొటో ఒకటుంది, అంతే. ఆ ఒక్కరిని కూడా ఇప్పుడే, ఫోనులో, తన నోటితో కాదనేశారు. తను చేసింది దొంగతనం అని వదిన ఇంతసేపూ అనుకుంటోంది. ఆయన చేత ఈ మాట అనిపించడం దానికి ఏ పేరూ చాలని పని అనిపించింది.

“థాంక్స్ సార్, పెద్దమనసు మీది. అయితే పంపించేస్తున్నాను,” అన్నాడు మేనేజరు.

వదిన రెండంగల్లో వచ్చి మాస్టారి చేతిలోంచి ఫోను లాక్కుంది.

“పెట్టెయ్యకండి. లారీ ఆపండి.”

“వద్దు వదినా,” అన్నాడు మరిది. గట్టిగా అనలేదు, బతిమాలాడు. నీకు దణ్ణం పెడతాను అన్నాడు.

“ఎవరండీ మీరు?” అంది ఫోను.

వదిన మరిది మొహంలోకి నేరుగా చూసింది. ఆ చూపులో క్షమించమని అడగడం ఉంది, ఆగేది లేదని చెప్పడం కూడా ఉంది.

“భండారంలో ఆ బొమ్మ కింద పేరున్నదాన్ని,” అంది.